మీకు తెలుసా? కొల్లేరు కింద మంచుయుగాల మేటలు

కొల్లేరు అంటే మనకు ఆటపాక గూడబాతులు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, కనుచూపుమేర చేపల చెరువులు గుర్తొస్తాయి. మే నెలలో ఏలూరు బజారులో గొడుగు లేకుండా నడవలేని ఊరివాళ్లం, మంచుకూ మనకూ ఏం సంబంధం అనుకుంటాం. కానీ ఈ నేల పొరలను కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్తే మంచు ప్రస్తావన ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది. కొల్లేరు ఇక్కడ ఎందుకుంది, బోరులో ఉప్పునీళ్లు ఎందుకు పడతాయి, కాకినాడ అవతల సముద్రంలో గ్యాస్ ఎందుకుంది వంటి ప్రశ్నలకు జవాబులు ఆ పొరల్లోనే ఉన్నాయి.

1. గోదావరి లోయ ఒకప్పుడు మంచు కింద ఉండేది

సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా ఉన్న కాలమది. ఆ ఖండంలో చాలా భాగాన్ని మంచు కప్పేసింది. మంచు కరిగి వెనక్కి తగ్గినప్పుడు అది వదిలేసిన మట్టీ రాళ్లూ గట్టిపడి పొరలయ్యాయి. వీటిని తాల్చీర్ పొరలంటారు. గోదావరి లోయలో గోండ్వానా రాతి వరుస మొదలయ్యేది వీటితోనే.

ఈ పొరల్లోని రాయిని చేతిలోకి తీసుకుంటే సంగతి అర్థమవుతుంది. నది దొర్లించిన గులకరాయి అన్ని వైపులా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మంచు మోసిన రాయికి ఒకటి రెండు వైపులు అరిగి చదునుగా ఉంటాయి. ఆ చదును మీద సన్నటి గీతలు ఒకే దిక్కుగా సాగుతాయి. మంచు అడుగున ఇరుక్కున్న రాయి కింది బండను ఒరుసుకుంటూ పోయినప్పుడు పడిన గీతలవి. చుట్టూ ఉన్న మట్టి కూడా తేడాగానే ఉంటుంది. నీరైతే బరువును బట్టి రాళ్లను ఒకచోట, ఇసుకను ఒకచోట, ఒండ్రును మరోచోట దింపుతుంది. మంచుకు ఆ ఎంపిక లేదు. మెత్తటి మట్టినీ మనిషి ఎత్తలేని బండనూ కలిపి ఒకేచోట వదిలేస్తుంది.

2. ఉష్ణదేశంలో మంచు ఆనవాలు కనిపెట్టింది 1856లో

ఒడిశాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతంలో బ్లాన్‌ఫోర్డ్ సోదరులు విలియం, హెన్రీ, వారితోపాటు విలియం థియోబాల్డ్ ఈ బండరాళ్ల పొరను చూసి, ఇది మంచు పనే అయి ఉండాలన్నారు. ఇంత ఎండ కాసే దేశంలో మంచేమిటని అనుమానించినవాళ్లు ఉన్నారు. 1870ల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా ఇరాయి గ్రామం దగ్గర, పెన్‌గంగ ఒడ్డున, ఫ్రాన్సిస్ ఫెడెన్ అసలు సాక్ష్యాన్నే వెలుగులోకి తెచ్చారు. తాల్చీర్ పొర కింద ఉన్న సున్నపురాయి బండ అరిగి నున్నబడి ఉంది, దాని నిండా మంచు గీసిన గీతలున్నాయి. పెన్‌గంగ వార్ధాలో, ఆ నీరు ప్రాణహితలో, ప్రాణహిత గోదావరిలో కలుస్తాయి. ఆ బండను తడిపిన నీరు చివరికి మన డెల్టాకే వస్తుంది.

3. మంచు వెళ్లాక అడవి వచ్చింది, అడవి బొగ్గయింది

మంచు తగ్గిన లోయల్లో చిత్తడి అడవులు పెరిగాయి. గ్లాసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు, మాకులు బురదలో కూరుకుపోయి బొగ్గుగా మారాయి. సింగరేణి బొగ్గు ఆ అడవులదే. ఆ పొరలు తెలంగాణతో ఆగిపోలేదు. ఏలూరు జిల్లా చింతలపూడి వైపు భూమిలో బొగ్గు ఉందని సర్వేల్లో తేలింది. ఇంకా దక్షిణానికి, తాడేపల్లిగూడెం దగ్గరి కొమ్ముగూడెంలో ఓఎన్‌జీసీ బావి తవ్వినప్పుడు వరిచేల కింద కిలోమీటర్ల లోతున అదే కాలపు బొగ్గు, షేల్ (గట్టిపడిన బురదరాయి) పొరలు బయటపడ్డాయి. ఆ రాతి వరుసకు కొమ్ముగూడెం ఫార్మేషన్ అనే పేరు స్థిరపడింది. దాని పైన ఉన్న మండపేట ఇసుకరాయిలో చేరిన గ్యాస్‌కు ఈ బొగ్గు, షేల్ పొరలే పుట్టిల్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు.

4. చిన్నతిరుపతి కొండ పేరు చమురు ఇంజనీర్లందరికీ తెలుసు

చిన్నతిరుపతి అని పిలుచుకునే ద్వారకా తిరుమల కొండ ఎర్రటి ఇసుకరాతి కొండ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ల మీద 1880లో ప్రచురించిన గ్రంథంతో మూడు పేర్లు నిలిచిపోయాయి. నూజివీడు దగ్గరి గొల్లపల్లి పేరిట గొల్లపల్లి ఇసుకరాయి, చింతలపూడి దగ్గరి రాఘవాపురం పేరిట రాఘవాపురం షేల్, చిన్నతిరుపతి పేరిట తిరుపతి ఇసుకరాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో బావి తవ్వే ప్రతి ఇంజనీరూ ఈ పేర్లు వాడాల్సిందే. మెట్టలో నేల మీద కనిపించే ఈ రాళ్లు తూర్పుకు వంగుతూ డెల్టా ఒండ్రు కిందికి దిగిపోతాయి. వీటిలో రాఘవాపురం షేల్ ప్రత్యేకమైనది. అందులో సముద్ర జీవుల గవ్వలూ నేల మీది మొక్కల ఆకుల అచ్చులూ రెండూ దొరుకుతాయి. మన తీరానికి సముద్రం కొత్తగా వచ్చిన రోజుల సాక్ష్యం అది.

5. ఆ సముద్రం రావడానికి కారణం ఒక విడిపోవడం

సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారతదేశం తూర్పు అంటార్కిటికా నుంచి వేరుపడింది. మధ్యలో తెరుచుకున్న చీలికలోకి నీరు చేరి సముద్రమైంది. మన తూర్పు కనుమల రాళ్లకు జోడు రాళ్లు ఇప్పటికీ అంటార్కిటికా తీరంలో ఉన్నాయి. రెండుచోట్లా దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట తీవ్రమైన వేడిలో మారిన రాళ్లే. భారతదేశం 2012లో అంటార్కిటికాలోని లార్స్‌మన్ కొండల్లో భారతి పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. ఖండాలు విడిపోయిన చరిత్రను అధ్యయనం చేయడం ఆ కేంద్రం పనుల్లో ఒకటి. అది ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున ఉంది. మన తూర్పు తీరానికి ఒకనాటి పొరుగు ప్రాంతం అది.

6. లావా వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి గోదావరి ఒడ్డుకు చేరింది

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమాన దక్కన్ అగ్నిపర్వతాలు బద్దలయ్యాయి. అక్కడి లావా పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇప్పటి రాజమహేంద్రవరం ప్రాంతానికి చేరిందని పరిశోధకులు తేల్చారు. భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉన్నాయి. పంగిడి, దుద్దుకూరు వైపు నల్లరాతి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి కనిపిస్తుంది. మొదటి లావా చల్లారాక సముద్రపు నీరు దాని మీదికి వచ్చింది, గవ్వలు బతికాయి, ఆ తర్వాత మళ్లీ లావా వచ్చింది. సముద్రం వైపు ఈ నల్లరాయి ఒండ్రు కిందికి దిగిపోయి చమురు బావుల్లో తగులుతుంది.

7. విడిపోయిన తోబుట్టువు వాలును మంచే కట్టింది

తీరం నుంచి కొంత దూరం సముద్రం లోతు తక్కువగా ఉంటుంది. ఇది ఖండతీరపు అంచు. అది దాటగానే అడుగు ఒక్కసారిగా కిందికి జారుతుంది. అదే ఖండతీరపు వాలు. మన వాలును నదులు కట్టాయి. అంటార్కిటికా వాలును మాత్రం గత 3.4 కోట్ల ఏళ్లలో ఎక్కువగా మంచు కట్టింది.

ప్రిడ్జ్ అఖాతంలోకి లాంబర్ట్ హిమానీనదం దిగుతుంది. తూర్పు అంటార్కిటికా మంచులో పెద్ద వాటా బయటికి వచ్చే దారి ఇదే. బాగా చలి పెరిగిన కాలాల్లో ఈ మంచు ముందుకు సాగి ఖండతీరపు అంచు చివరిదాకా వచ్చింది. దారిలో గీకి తెచ్చిన మట్టినీ రాళ్లనూ వాలు పైభాగాన కుమ్మరించింది. ఆ ముద్ద బరువు మోయలేక కిందికి జారి, వాలు మీద విసనకర్ర ఆకారంలో పరుచుకుంది.

2000 సంవత్సరంలో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన ఓడ ఆ వాలును తవ్వింది. 1167 అనే సంఖ్య ఇచ్చిన చోట 447 మీటర్ల లోతుదాకా పొరలను పరిశీలించారు. రాళ్లు కలిసిన మందపాటి మట్టి పొరలు, వాటి మధ్య పలచటి మెత్తని బురద పొరలు వరుసగా వచ్చాయి. మందపాటి పొర అంటే మంచు అంచుదాకా వచ్చిన కాలం. పలచటి పొర అంటే మంచు వెనక్కి తగ్గి, సముద్రం నెమ్మదించిన కాలం. ఆ బురదలో అక్కడక్కడా ఒంటరి రాయి కనిపిస్తుంది. తేలే మంచుగడ్డ కరుగుతూ జారవిడిచిన రాయి అది.

8. అదే ఓడ మన తీరానికీ వచ్చింది

జాయిడెస్ రిజల్యూషన్ 2006లో కృష్ణా-గోదావరి తీరం అవతలి వాలు మీద తవ్వకాలు జరిపింది. భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమంలో అది తొలి యాత్ర. సుమారు వెయ్యి మీటర్ల నీటి లోతున, సముద్రపు అడుగు బంకమట్టి పగుళ్లలో తెల్లటి గడ్డలు దొరికాయి. అది నీరూ మీథేనూ కలిసి గడ్డకట్టిన గ్యాస్ హైడ్రేట్. చూస్తే మంచులాగే ఉంటుంది, అగ్గిపుల్ల గీసి పెడితే మండుతుంది. 10 నంబరు చోట ఈ మేట సుమారు 130 మీటర్ల మందం ఉంది. అంతవరకు ప్రపంచంలో సముద్రపు అడుగున దొరికిన బాగా చిక్కటి మేటల్లో ఇదొకటి.

ఈ మంచుకు చలికాలం అక్కర్లేదు. వెయ్యి మీటర్ల నీటి ఒత్తిడి, లోతుల్లోని చల్లదనం చాలు. ఒండ్రులో కూరుకున్న జీవపదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టినప్పుడు పుట్టిన మీథేనే అక్కడ గడ్డకడుతుంది. 2015లో జపాన్ ఓడ చిక్యూతో రెండో యాత్ర జరిగింది. ఈసారి ఇసుక పొరల్లోనూ హైడ్రేట్ మేటలు బయటపడ్డాయి.

9. 20 వేల ఏళ్ల క్రితం మన సముద్రం 120 మీటర్లు కిందికి దిగింది

చివరి మంచుయుగంలో ఉత్తర అమెరికా, యూరప్ ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ఆ నీరంతా సముద్రాల నుంచి వచ్చిందే. ప్రపంచమంతటా సముద్రమట్టం 120 మీటర్లకు పైగా తగ్గింది. మన దగ్గర ఒక్క మంచు తునక పడకపోయినా తీరం ఖండతీరపు అంచు చివరిదాకా జరిగిపోయింది. ఇప్పుడు మచిలీపట్నం, నరసాపురం పడవలు వేటకు వెళ్లే చోటు చాలావరకు అప్పుడు పొడినేల. కృష్ణా గోదావరులు ఆ నేలను లోతుగా కోసుకుంటూ వెళ్లి తమ ఇసుకనూ బురదనూ నేరుగా వాలు మీదికి దింపాయి. అంటార్కిటికాలో మంచు, ఇక్కడ నదులు, రెండూ ఒకే కారణంతో తమ సరుకును వాలు అంచున కుమ్మరించాయి. విడిపోయిన రెండు తీరాలూ చలికాలాన్ని ఒకే తీరుగా లెక్కరాసుకున్నాయి.

10. మంచు కరిగితే కొల్లేరు పుట్టింది

మంచు కరిగిన కొద్దీ సముద్రం పైకి వచ్చింది. సుమారు 7 వేల నుంచి 6 వేల ఏళ్ల క్రితం ఆ పెరుగుదల చాలావరకు ఆగింది. అప్పటి తీరం ఇప్పటి తీరానికి చాలా లోపలికి ఉండేది. ఆ తర్వాత రెండు నదులూ మేట వేస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. ఒక్కో కాలపు ఒడ్డున అలలు పోసిన ఇసుక దిబ్బలు తీరానికి సమాంతరంగా వరుసలుగా మిగిలాయి. డెల్టాలో మెరక మీద ఊళ్లూ కొబ్బరి తోటలూ ఒకే గీతగా సాగిపోయేచోట చాలాసార్లు కాళ్ల కింద ఉన్నది పాత సముద్రపు ఒడ్డే.

ఒక పక్క గోదావరి డెల్టా, మరో పక్క కృష్ణా డెల్టా ముందుకు పెరిగాయి. రెండింటి మేటా సరిగా అందని నడిమి పల్లం సముద్రానికి దూరమై, ఉప్పు కయ్యగా ఉండి, చివరికి మంచినీటి సరస్సయింది. అదే కొల్లేరు. ఇప్పుడు సముద్రం సుమారు 35 కిలోమీటర్ల దూరం జరిగినా, సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగే ఉప్పుటేరు పాత బంధుత్వాన్ని ఇంకా నిలబెడుతోంది.

11. బోరులో పడే ఉప్పునీళ్ల వయసు మన ఊరి వయసు కంటే ఎక్కువ

కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చాలా ఊళ్లలో చుట్టూ కాలువలు నిండుగా పారుతున్నా బోరు వేస్తే ఉప్పునీళ్లే. అందుకే ఆ ఊళ్లు కాలువ నీటితో నింపుకునే మంచినీటి చెరువుల మీద ఆధారపడ్డాయి. బంకమట్టి నీటిని సులువుగా వదలదు. సముద్రం ఇక్కడ ఉన్నప్పుడు పరుచుకున్న మట్టిలో ఆనాటి ఉప్పు చాలావరకు అలాగే ఉండిపోయింది. ఈ మధ్యకాలపు ఆక్వా చెరువులు, అతిగా తోడటం దాన్ని ఇంకా పెంచుతున్నాయి.

12. మన వ్యవసాయ చరిత్ర సముద్రపు అడుగున కూడా ఉంది

2006 గ్యాస్ హైడ్రేట్ యాత్రలోనే గోదావరి ముఖద్వారం ఎదుట 1,200 మీటర్లకు పైబడిన లోతు నుంచి తీసిన ఒక మట్టి స్తంభం పరిశోధకులకు కీలకమైంది. చెట్ల ఆకుల మీద ఉండే సన్నని మైనపు పొర నీటిలో కరగదు, ఒండ్రుతోపాటు సముద్రం చేరి వేల ఏళ్లు నిలుస్తుంది. ఆ మైనాన్ని పరీక్షించి, అది తేమకాలపు మొక్కలదో, ఎండను తట్టుకునే గడ్డిదో చెప్పవచ్చు. కామీలో పోంటన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సుమారు 4 వేల ఏళ్ల క్రితం నుంచి గోదావరి పరీవాహకం క్రమంగా ఎండుతూ వచ్చింది, సుమారు 1,700 ఏళ్ల క్రితం నుంచి ఆ పొడితనం స్థిరపడింది. అదే మట్టి మీద లివియు జోసాన్ బృందం 2017లో వెల్లడించిన ఫలితాలు ఇంకో సంగతి చెప్పాయి. గత కొన్ని వేల ఏళ్లలో దక్కన్ నేల కోత బాగా పెరిగింది. వానలు తగ్గి పచ్చదనం పలచబడటం, అడవి కొట్టి సేద్యం చేయడం రెండూ అందుకు కారణాలు. మన డెల్టా సారానికి ఎగువ నేలలు చెల్లించిన మూల్యం అది.

13. శాసనాల కాలానికే కొల్లేరు పేరున్న సరస్సు

సామాన్య శకం 634లో వేయించిన ఐహోళె శాసనంలో రెండో పులకేశి విజయాలను వర్ణిస్తూ కునాల అనే జలాశయం దగ్గరి యుద్ధాన్ని రవికీర్తి ప్రస్తావించాడు. అది కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరు పక్కన పెదవేగి అప్పటికే రాజధానిగా వెలిగిన ఊరు.

14. ఇప్పుడు మేట ఆగిపోతోంది

ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970-79 మధ్య ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు ఉండగా, 2000-06 నాటికి 5.72 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె.నాగేశ్వరరావు బృందం 2010లో తెలిపింది. విజయవాడ దగ్గర కృష్ణలో 1960ల చివర 90 లక్షల టన్నులున్నది 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు దిగింది. ఎగువ డ్యాములు మట్టిని ఆపేయడమే ప్రధాన కారణం. డెల్టా మట్టి తన బరువుకు తానే అణగుతూ ఉంటుంది. పైన కొత్త మేట పడితేనే ఎత్తు నిలుస్తుంది. 2009లో వెలువడిన ప్రపంచ అధ్యయనం కృష్ణా, గోదావరి డెల్టాలను ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. ఇప్పుడు అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో కరుగుతున్న మంచు సముద్రాన్ని మళ్లీ పైకి నెడుతోంది. అక్కడి మంచు సంగతి మనకెందుకని ఆకివీడు రైతు అనుకోలేని రోజులివి.

15. కొల్లేటి బురదలో గోండ్వానా ఇసుక ఉంది

తమ్మిలేరు చింతలపూడి ప్రాంతపు గోండ్వానా రాళ్ల మీదుగా దిగి, ఏలూరును తాకుతూ కొల్లేటికి చేరుతుంది. బుడమేరు, రామిలేరు తమ వంతు తెస్తాయి. కోట్ల ఏళ్ల నాటి ఇసుకరాయి అరిగి, రేణువుగా వచ్చి, ఈ ఏటి బురదలో కొత్త పొరవుతుంది. ఇలాంటి పొరలు కదలకుండా ఉంటేనే చదవగలం. కొల్లేరు 5వ కాంటూరు (ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు వేసిన ప్రతిచోటా రెండు నష్టాలు జరుగుతాయి. నీటితోపాటు మేట దారి మళ్లుతుంది, పొక్లెయిన్ తవ్విన చోట వేల ఏళ్ల వరుస కలగాపులగమవుతుంది. చేపల మీద బతికే కుటుంబాల బతుకూ ముఖ్యమే. అయితే అభయారణ్యం లోపల కొంత నేలనైనా ఎవరూ తవ్వకుండా కాపాడుకోవడం మన బాధ్యత.

ఇందులో మీరు చేయగల పని ఒకటుంది. మీ ఊళ్లో ఈసారి బోరు వేస్తుంటే పక్కన నిలబడండి. పది అడుగులకొకసారి పైకి వచ్చే మట్టిని గుప్పెడు తీసి కవరులో వేసి, లోతు, తేదీ, ఊరి పేరు రాసి పెట్టండి. నల్ల రేగడి ఎక్కడ ఆగింది, గవ్వలు ఎన్ని అడుగుల లోతున వచ్చాయి, ఇసుక ఎక్కడ తగిలింది అన్నది నోట్ చేసుకోండి. ఆ కవర్లను ఊరి హైస్కూలు సైన్సు గదిలో వరుసగా పెట్టించండి. పది ఊళ్లు ఈ పని చేస్తే పాత సముద్రం ఎంతవరకు వచ్చిందో మన పిల్లలే మ్యాపు మీద గీయగలరు.